రెండు గండ్లు... మూడు ఊళ్లు!

గండికోట పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. దాని చుట్టూ ఉన్న కథ మాత్రం పక్క జిల్లాల వాళ్లకే సరిగా తెలియదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఈ మూడు ఊళ్లనీ కలుపుతూ రెండ్రోజులు తిరిగితే, మనం తవ్వి తీసిందెంతో, నీళ్లకు వదిలేసిందెంతో కళ్లముందు కనిపిస్తుంది.

గండి అంటే సందు. అడ్డొచ్చిన కొండను నది కోసుకుంటూ పోయినచోట మిగిలే దారి. కడప జిల్లాలో పేరున్న గండ్లు రెండు. జమ్మలమడుగు దగ్గర పెన్నానది ఎర్రమల కొండల్ని చీల్చినచోట గండికోట ఉంది. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది పాలకొండల్ని దాటినచోట వీరాంజనేయుడి గండి క్షేత్రం ఉంది. మొదటిది కోట, రెండోది గుడి. మొదటిదానికి బెంగళూరు, హైదరాబాద్ కుర్రకారు కార్లేసుకుని వస్తారు. రెండోదానికి శ్రావణ శనివారాల్లో పల్లె జనం తరలివస్తారు. ఒకచోటికి వెళ్లినవాళ్లు రెండోచోటికి వెళ్లడం మాత్రం అరుదు!

ఆదివారం పొద్దున గండికోట లోయ అంచున చూడాలి సందడి. రాళ్ల మీద కూర్చునేవాళ్లు, వంగి తొంగిచూసేవాళ్లు, చెయ్యి చాచి సెల్‌ఫోన్లో ఫొటో తీసుకునేవాళ్లు. సూర్యుడు పైకొచ్చేసరికి ఎర్రటి బండలు రాగిరేకుల్లా మెరుస్తాయి. కింద పచ్చని నీళ్లు. ఆ దృశ్యం చూసి 'ఇండియన్ గ్రాండ్ క్యానియన్' అని మురిసిపోతారు. తర్వాత టిఫిన్, తిరుగు ప్రయాణం. వచ్చిన దారిలోనే ఏమేం వదిలేసి వెళుతున్నారో చెప్పే బోర్డులు, మనుషులు మాత్రం తక్కువ.

రాళ్లకు మన ఊళ్ల పేర్లు!
ఈ నేలకు పెద్ద పేరు తెచ్చింది రాజుల కంటే ముందు రాళ్లే. కడప రాతిపొరల మీద భూగర్భ శాస్త్రవేత్తలు 19వ శతాబ్దం నుంచీ పరిశోధనలు చేస్తున్నారు. వాళ్ల పుస్తకాల్లో 'పులివెందుల క్వార్ట్‌జైట్', 'గండికోట క్వార్ట్‌జైట్', 'వేంపల్లె ఫార్మేషన్' అనే పేర్లు కనిపిస్తాయి. మనం బస్సు బోర్డుల మీద చదివే పేర్లే అవన్నీ! వేంపల్లె పొరల్లోని సున్నపురాళ్లలో గుండ్రటి చారలు ఉంటాయి. అవి సూక్ష్మజీవులు పొరలుపొరలుగా పేరుకున్న గుర్తులు. వాటి వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, చేపా లేదు. మన ఇళ్లలో పరుచుకునే కడప బండ కూడా ఇలా సముద్రం అడుగున పేరుకున్న మట్టి, సున్నాల నుంచి పుట్టిందే.

జమ్మలమడుగు నుంచి ఒక పూట కేటాయిస్తే బెలుం గుహలు చూడొచ్చు. నంద్యాల జిల్లాలోకి వచ్చే ఈ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి పర్యాటకుల్ని అనుమతిస్తున్నారు. పైన చూస్తే చదునైన చేలు. కింద నీరు తొలిచిన చీకటి దారులు!

ఫిరంగులు పోతపోసిన కోట
కైఫీయతుల ప్రకారం గండికోటకు పునాది పడింది 1123లో. కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు మట్టికోట కట్టించాడంటారు. విజయనగర కాలం నుంచి పెమ్మసాని నాయకులు దాన్ని రాతికోటగా నిలబెట్టి ఏలారు. మాధవరాయస్వామి గుడి గోపురం, రంగనాథాలయం, ధాన్యాగారం, జామా మసీదు, ఇప్పటి జనం 'చార్మినార్' అని పిలుచుకునే పావురాల గోపురం... అన్నీ కాలినడకన చూసేంత దగ్గర. కోటలోపల ఇప్పటికీ ఊరుంది. బళ్లు, మేకలు, పిల్లల ఆటలు అన్నీ ఆ గోడల మధ్యే.

17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో అతణ్ని కలవడానికి ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికొచ్చాడు. నిటారు కొండ, కోటకు చేరే ఇరుకు దారి చూసి ఆశ్చర్యపోయాడు. దేవాలయాల లోహ విగ్రహాల్ని కరిగించి ఫిరంగులు పోతపోసే పని ఫ్రెంచివాడు ఒకడికి అప్పగించారనీ, గండికోట గుడిలోని కొన్ని విగ్రహాలు ఎంతకీ కరగలేదనీ తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. నమ్మినా నమ్మకపోయినా, మసీదు మెట్ల మీద కూర్చుని ఎదురుగా గుడి గోపురాన్ని చూస్తూ తలుచుకోవాల్సిన కథ అది. కొట్టుకున్న చరిత్రా ఇక్కడిదే, పక్కపక్కనే నిలబడ్డ చరిత్రా ఇక్కడిదే.

తెలుగు తొలి అడుగు... మట్టిలో జైనం
ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల వైపు వెళితే కలమళ్ల వస్తుంది. ఆ ఊరి పేరు చెప్పగానే చాలామందికి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు గుర్తొస్తాయి. తెలుగు మాట్లాడే ప్రతి ఒక్కరికీ గుర్తుండాల్సింది మాత్రం అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయం. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది ఆ ఆవరణలోనే. క్రీ.శ.575 ప్రాంతానిది. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో మనకు తెలిసినంతలో ఇదే మొదటిదని పండితులు చెబుతారు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ ప్రాచీనతకు రాతి సాక్ష్యం ఈ పల్లెది.

జమ్మలమడుగుకు దగ్గర్లోనే, పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. పేరు వింటే రాక్షసుల ఊరనిపిస్తుంది. 1903లో పురావస్తు శాఖ ఇసుక తోడితే జైన ఆలయాలు బయటపడ్డాయి. పదో శతాబ్దపు రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు, అంటే మూడో ఇంద్రుడు, శాంతినాథుడి స్నాన పీఠం చేయించినట్టు శాసనం దొరికింది. సల్లేఖన వ్రతంతో ప్రాణం విడిచిన జైనుల స్మారక శిలలూ కనిపించాయి. వెయ్యేళ్ల కిందట రాయలసీమ పల్లెలో జైన మునులు తిరిగారని చెప్పే చోటది. అక్కడి శిల్పాల్లో కొన్ని అప్పట్లోనే మద్రాసు మ్యూజియానికి తరలాయి. నది ఇసుకతో కప్పి దాచింది, మనం తవ్వి బయటపెట్టాం. ఆ తర్వాత?

నీళ్లడిగిన సీమ... నీళ్లలో మునిగిన ఊళ్లు
గండికోట లోయకు ఎగువన పెన్న మీద ఇప్పుడు జలాశయం ఉంది. గాలేరు-నగరి పథకంలో భాగం. సామర్థ్యం 26.85 టీఎంసీలు. కృష్ణమ్మ వరద నీరు సొరంగాలు, కాలువలు దాటుకుని ఇక్కడికి చేరుతుంది. ఇక్కణ్నుంచి ఎత్తిపోతలతో పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు వెళుతుంది. పులివెందుల ప్రాంతంలో చీనీ తోటలు, అరటి తోటలు పచ్చగా కనిపిస్తే, ఆ పచ్చదనంలో ఈ నీటికీ వాటా ఉంది. వేల అడుగులు బోర్లు దించి, అవి ఎండిపోతే చెట్లు నరుక్కున్న రైతుల నేల అది. అక్కడ నీళ్ల విలువ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మరోవైపు... ఈ జలాశయం కింద ముంపు గ్రామాలు ఇరవై పైచిలుకు. ఎక్కువగా కొండాపురం మండలంవే. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. తలుపులు, దూలాలు ఊడదీసుకుని ట్రాక్టర్లకు ఎత్తుకుని జనం వెళ్లిపోయారు. ఇంటికి పరిహారం లెక్క కట్టొచ్చు. పొలానికి ఎకరాకింతని కట్టొచ్చు. ఊరి రచ్చబండకు, పీర్ల చావిడికి, పెద్దల సమాధులకు లెక్క ఎవరు కడతారు? లోయ అంచున నిలబడి ఫొటో తీసుకునేవాళ్లకు ఆ పచ్చటి నీళ్ల వెనుక ఒక ఊరి చిరునామా పోయిందన్న సంగతి తెలియదు. తెలియజెప్పే బోర్డు ఒక్కటుంటే చాలు. ఆ మనుషుల త్యాగానికి అది కనీస మర్యాద.

ఇది మనకు కొత్త విద్య కాదు. నాగార్జునసాగర్ కోసం నాగార్జునకొండ లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి ఆరేళ్లపాటు తవ్వి, దొరికిన బౌద్ధ సంపదను కొండ మీది మ్యూజియంలో పెట్టారు. శ్రీశైలం జలాశయం నిండకముందు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. రాళ్లను కాపాడటం వచ్చినవాళ్లం. పల్లెల జ్ఞాపకాల్ని కాపాడటమే ఇంకా నేర్చుకోవాలి.

కొరియావాళ్లు ఏం చేశారు?
2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక కొరియన్లు సీమకు ఇరుగుపొరుగయ్యారు. వాళ్ల సీరియళ్లు చూసి జెజు దీవికి వెళ్లాలని కలలు కనే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వెళితే మంచిదే. అందాలతోపాటు, అక్కడ నేర్చుకోవాల్సిన సంగతులూ ఉన్నాయి.

దక్షిణ కొరియాలో ఆండాంగ్ దగ్గర 1976లో పెద్ద డ్యాం పూర్తయింది. మునిగిపోయే పల్లెల్లోని పాత పెంకుటిళ్లను, చావిళ్లను ముందే విప్పి, గట్టు మీద మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడవి చూడటానికి జనం వెళతారు. ఉల్సాన్ దగ్గర బాంగుడే అనే కొండరాయి మీద ఆదిమానవులు చెక్కిన తిమింగలాల బొమ్మలున్నాయి. 1965లో కట్టిన డ్యాం వల్ల అవి నీళ్లలో మునిగి తేలుతుండేవి. వాటి సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1971లో. నగరానికి తాగునీరా, తిమింగలాల బొమ్మలా అని ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. 2025 జులైలో ఆ చోటుకు యునెస్కో గుర్తింపు వచ్చింది. వాదన మాత్రం ఎక్కడా వదల్లేదు. ఇక తమ లిపి పుట్టిందని ఏటా అక్టోబరు 9న దేశమంతా సెలవు ఇచ్చుకుంటారు. ఆ లిపిని రాజు సేజోంగ్ ప్రకటించింది 1446లో. కలమళ్ల శాసనం అంతకంటే తొమ్మిది వందల ఏళ్లకు దగ్గరగా పెద్దది!

నిధులు లేవనే మాట గండికోటకు ఇప్పుడు పూర్తిగా వర్తించదు. 2024లో కేంద్రం ఇక్కడి అభివృద్ధికి 77 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. లోయ చుట్టూ కొత్త హంగులు వస్తే సంతోషమే. వాటితోపాటు కలమళ్లకు ఒక దారి బోర్డు, దానవులపాడుకు ఒక కాపలా మనిషి, మునిగిన ఊళ్ల పేర్లతో ఒక రాతిఫలకం, స్థానిక కుర్రాళ్లకు గైడ్లుగా శిక్షణ... ఇవేవీ కోట్లు అడిగేవి కావు. వచ్చినవాళ్లు గంటకు బదులు రెండ్రోజులు ఆగితే లాభం ఊరి హోటలుకు, ఆటోకు, గైడుకే కదా.

అసంపూర్తి చిటికెన వేలు
పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా గండికి చేరితే దృశ్యం మారిపోతుంది. కొండల మధ్య పాపఘ్ని, ఒడ్డున ఆంజనేయుడు. లంక నుంచి తిరిగొస్తూ రాముడు ఇక్కడ ఆగాడనీ, బాణం మొనతో రాతి మీద హనుమంతుడి రూపం గీశాడనీ స్థలపురాణం. ఎడమచేతి చిటికెన వేలు పూర్తికాకుండానే బయల్దేరాల్సి వచ్చిందట. ఈ గండికి అడ్డంగా వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకే కనబడుతుందనీ, కనబడితే చివరి రోజులు దగ్గరపడ్డట్టేననీ చెబుతారు. సీమ జనం 'మన్రోలయ్య' అని పిలుచుకున్న దొర థామస్ మన్రోకు అది కనిపించిందని కథ. ఆయన 1827 జులైలో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పరాయి దొరను కూడా స్థలపురాణంలో కలిపేసుకున్న జనం వీళ్లు! కథ చెప్పడం చేతకాక కాదు, అడిగేవాళ్లు రాక ఆగిపోతున్నారంతే.

యాత్ర ముగింపు ప్రొద్దుటూరులో పెట్టుకుంటే బాగుంటుంది. బంగారు అంగళ్లకు రెండో బొంబాయని పేరు తెచ్చుకున్న ఊరిది. పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరంలో రాముడు ఇసుకతో లింగం చేశాడంటారు. అగస్తీశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూనే పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' అల్లారని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. దసరాకు వస్తే అమ్మవారిశాల దగ్గర కన్యకాపరమేశ్వరి ఉత్సవాలకు కాలు పెట్టే సందు దొరకదు. పొద్దున్నే వేడివేడి ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తినకుండా వెళితే ఆ ఊరు చూసినట్టు కాదు.

ఎలా వెళ్లాలి?
ముంబై-చెన్నై రైలు మార్గంలో ఎర్రగుంట్ల, ముద్దనూరు స్టేషన్లలో దిగొచ్చు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు సుమారు 20 కిలోమీటర్లు. అక్కణ్నుంచి గండికోట 15. కోట దగ్గర పర్యాటక శాఖ హోటల్ ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం మాత్రం వద్దు, బండలు నిప్పుల మీద పెనాలే! మొదటిరోజు గండికోట, దానవులపాడు. రెండోరోజు కలమళ్ల, గండి, సాయంత్రానికి ప్రొద్దుటూరు. లోయ అంచున రక్షణ గోడలు అన్నిచోట్లా ఉండవు కాబట్టి పిల్లల చెయ్యి వదలొద్దు. ఊళ్లో పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే ఓ పది నిమిషాలు కూర్చోండి. బోర్డుల మీద లేని కథ వాళ్ల దగ్గరే ఉంది.