పెద్ద పథకం, నలభై లీటర్ల బకెట్టు

పెద్ద పథకాన్ని నడపడం కష్టమా, చిన్నదాన్ని నడపడం కష్టమా అని అడిగితే చాలామంది తడుముకోకుండా పెద్దదే అంటారు. అనంతపురం ప్రాంతపు తాగునీటి కథ తెలిసినవారు మాత్రం అంత తొందరగా జవాబు చెప్పలేరు.

ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెరువు నిండని ఏడాది బోరే దిక్కు. బోరు లోతుకు పోయేకొద్దీ అనేక గ్రామాల్లో నీటితోపాటు ఫ్లోరైడు కూడా వస్తుంది. ఈ జబ్బు మన నేలకు కొత్త కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించి 1937లో ప్రకటించినది కూడా తెలుగు నేలపైనే, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి దాటితే ముందు పిల్లల పళ్లపై గారలు, తరువాత పెద్దల నడుములో, మెడలో బిగుతు కనబడతాయి. ఒకసారి ఎముకలోకి చేరిన ఫ్లోరైడును దించే మందు మా చేతిలో లేదు. అందుకే ఈ జబ్బు విషయంలో అసలు వైద్యుడు నీళ్లు సరఫరా చేసేవాడే.

1995లో సత్యసాయి తాగునీటి పథకం పని మొదలైంది. నిర్మాణ బాధ్యత లార్సెన్ అండ్ టూబ్రో సంస్థది. చిత్రావతి, పెన్నా వంటి ఆధారాల నుంచి నీరు తీసుకొని, వందల ఓవర్‌హెడ్ ట్యాంకులు, వేల కిలోమీటర్లలో లెక్కించవలసిన గొట్టాల ద్వారా ఏడు వందలకు పైగా గ్రామాలకు అందించే పని అది. ఏడాదిన్నర ప్రాంతంలో పూర్తయింది. ప్రభుత్వ పనుల వేగానికి అలవాటుపడ్డ మా తరానికి అది నమ్మశక్యం కాని వేగం. 1999లో తపాలాశాఖ ఈ పథకంపై ఒక బిళ్ల కూడా విడుదల చేసింది.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఉన్నది నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించినది. నలభై లీటర్ల బకెట్టు, కాస్త సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ పౌడరు ఉంటే చాలు. పది నిమిషాలు నిదానంగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడు మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. అడుగుకు కొంచెం పైన బిగించిన కుళాయి నుంచి తేరిన నీరు పట్టుకోవాలి. ఇంజినీరు అక్కరలేదు, టెండరు అక్కరలేదు. ఇంతకంటే చిన్న పథకం ఉంటుందా?

అయితే పటిక ఎంత వేయాలన్నది ఆ బోరు నీటి ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. పక్క ఊరి లెక్క ఈ ఊరికి పనికిరాదు. పైగా ఆ పని రోజూ చేయాలి. వేరుశనగ కోతల రోజున తెల్లవారకముందే చేనికి వెళ్లే తల్లి, సాయంత్రం వచ్చి, పది నిమిషాలు కలిపి, గంట ఆగి నీళ్లు తాగుతుందా? నేను పనిచేసిన ప్రాంతంలో ఒక ఊరికి ఇదే పద్ధతిలో పెద్ద తొట్టి కట్టారు. పటిక అయిపోయిన నెలలో, దాన్ని చూసుకునే కుర్రవాడికి జీతం ఎవరివ్వాలన్న తగవు కూడా వచ్చింది. తొట్టి అలాగే ఉండిపోయింది. తరువాత అందులో గడ్డి నిల్వ చేశారు.

చిన్న పథకం బరువంతా మనుషుల జ్ఞాపకం మీద, ఓపిక మీద పడుతుంది. పెద్ద పథకం ఆ బరువును తల్లి నెత్తి మీద నుంచి దించి కార్యాలయం మీద పెడుతుంది. వైద్యుడిగా నా మొగ్గు ఈ విషయంలో పెద్దదానివైపే. ఒక ఇల్లాలికి జ్వరం వస్తే ఆగిపోయే రక్షణను రక్షణ అనలేం.

కానీ కార్యాలయానికి కొసన ఉన్న ఊరు కనబడదు. పూర్వం చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి తడి అందలేదో ఆయనకు తెలుసు, ఆయన ఇల్లు రైతుకు తెలుసు. ఇప్పుడు ఎక్కడో మోటారు కాలితే, దారిలో గొట్టం పగిలితే, చివరి ఊరివారు ఎవరి తలుపు తట్టాలి? మొదటి రెండు రోజులు గొడవ చేస్తారు. మూడో రోజు పాత చేతిపంపు దగ్గరకు వెళతారు. బిందెలు నిండుతాయి, గొడవ చల్లారుతుంది. ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నీళ్లు ఆగితే ఊరంతా అరుస్తుంది. ఫ్లోరైడు తిరిగివస్తే ఎవరూ అరవరు. పై అధికారి దగ్గరున్న కాగితంలో మాత్రం ఆ ఊరు సరఫరా ఉన్న ఊరిగానే ఉంటుంది.

కాబట్టి ఎన్ని కిలోమీటర్ల గొట్టం వేశారన్న లెక్క నాకు చాలదు. పిల్లల శాశ్వత దంతాల పింగాణి పొర ప్రధానంగా తొలి ఎనిమిదేళ్లలో తయారవుతుంది. ముందు పళ్లు ఆరు, ఏడేళ్లకు మొలుస్తాయి. అంటే ఏడాదిన్నరలో కట్టిన పథకం ఫలించిందో లేదో తెలియాలంటే, కుళాయి వచ్చాక పుట్టిన బిడ్డ బడిలో చేరేదాకా ఆగాలి. అప్పుడు రెండో తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి నోరు తెరవమంటే చాలు. తెల్లని పళ్లున్న ఊళ్లో వాల్వు తిప్పేవాడు సక్రమంగా వస్తున్నాడన్నమాట. సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు ఉన్న ఊళ్లో రికార్డులు ఏమన్నా సరే, పిల్లలు బోరు నీరే తాగారు.

కొళాయి రాని రోజుల కోసం రెండు మాటలు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. మీ ఊరి బోర్లన్నింటినీ పరీక్ష చేయించండి. ఒకే ఊళ్లో ఒక బోరు మంచిది, మరొకటి చెడ్డది కావచ్చు. మంచిదాన్ని తాగడానికీ వంటకూ ఉంచుకుని, చెడ్డదానికి ఎర్ర రంగు పూయండి. ఆ రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ పూసే మనిషి ఎవరో ముందే అనుకోండి.