డ్యూయెట్ అయిపోయాక ఆ చేలో ఏం జరుగుతుంది?

తెర మీద కొబ్బరిచెట్ల సందులోంచి గోదావరి కనిపించగానే హాల్లో ఒక ఈల పడుతుంది. లంగావోణీలో హీరోయిన్ వరిచేల గట్టు మీద పరిగెడుతుంది. వెనకాల హీరోగారు. వాళ్లిద్దరికీ అడ్డంగా ఒక పిల్లలకోడి తన సంసారాన్ని వెంటేసుకుని పోతుంది. నాలుగు నిమిషాల్లో పాట అయిపోతుంది. మనం సోడా తాగడానికి బయటికొస్తాం. మరి ఆ చేను? ఆ కోడి? వాటి సంగతేమిటి?

ఆ సంగతి కనుక్కుందామనే ఈసారి షూటింగులేవీ లేని రోజులు చూసుకుని రాజమండ్రిలో బస్సు దిగాను.

సినిమావాళ్లకీ ఈ నీళ్లకీ చుట్టరికం ఈనాటిది కాదు. 1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసింది. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు 'మూగమనసులు' తీసి గోదావరిని ఒక పాత్రని చేసేశారు. 1973లో బాపుగారు 'అందాల రాముడు' కోసం యూనిట్ మొత్తాన్నీ పడవెక్కించారు. బాపు పుట్టింది నరసాపురం, రమణగారు పుట్టింది ధవళేశ్వరం. అల్లు రామలింగయ్య, దాసరి, కోడి రామకృష్ణ ముగ్గురిదీ పాలకొల్లే! కృష్ణంరాజు, చిరంజీవి మొగల్తూరు వాళ్లు. వంశీది పసలపూడి. వరి తర్వాత ఈ నేల ఎక్కువగా పండించింది సినిమావాళ్లనే అంటే ఎవరు కాదంటారు?

మనుషులే కాదు, ఇక్కడ చెట్టు కూడా స్టార్ అయింది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఒక నిద్రగన్నేరు వుండేది. వయసు 150 ఏళ్లని చెప్పుకునేవారు. ఎన్ని సినిమాల్లో కనిపించిందో! జనం దాన్ని 'సినిమా చెట్టు' అనే పిలిచేవారు. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. పేపర్లన్నీ రాశాయి. అభిమానులు వెళ్లి చూసి కళ్లు తుడుచుకున్నారు. మొదలుని బతికించాలని ప్రయత్నాలు చేశారు, చిగుళ్లు వేసిందని వార్త కూడా వచ్చింది. సంతోషం.

కానీ ఒక్క మాట. అంతకు ముందు నెలలోనే ఎర్రకాలువ పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు నారుమళ్లూ నాట్లూ మునిగిపోయాయి. చెట్టుకి దక్కిన కన్నీళ్లలో పదోవంతు ఆ నారుకి దక్కలేదు. తప్పు ఎవరిదీ కాదు లెండి. చెట్టు సినిమాల్లో యాక్ట్ చేసింది, నారు చెయ్యలేదు. కాదు కాదు, నారూ చేసింది... మనమే గమనించలేదు!

ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ మీద కాసేపు నిలబడితే ఈ పచ్చదనం రహస్యం బోధపడుతుంది. ఇది దేవుడు ఊరికే ఇచ్చిన వరం కాదు. ఒకప్పుడు ఇదే నేల ఒక ఏడు కరువుకీ ఒక ఏడు వరదకీ బలైపోయేది. ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు 1847లో ఇక్కడ ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించాడు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ వుంది. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు పాయలుగా కాలువలు వెళ్లి సుమారు 10 లక్షల ఎకరాలు తడుపుతాయి. వూరూరా కాటన్ దొర విగ్రహం ఎందుకుందో ఇప్పుడు అర్థమైందిగా!

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వైపు వెళ్తే కాలువ మనతోపాటే నడుస్తుంది. ఆ చేల రంగుల్ని కెమెరామన్ కళ్లతో చెప్పమంటారా? మే నెలలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. అప్పుడు చేలన్నీ కోత కోసిన మోళ్లతో మట్టిరంగులో వుంటాయి. జూన్‌లో నీళ్లు వదులుతారు. అక్కడక్కడా నారుమళ్లు చిలకాకుపచ్చ రుమాళ్లు ఆరేసినట్టు కనిపిస్తాయి. జూలై, ఆగస్టుల్లో సార్వా నాట్లు. చేను అద్దంలా వుంటుంది, మబ్బులు అందులో ముఖం చూసుకుంటాయి. సెప్టెంబరు, అక్టోబరు మన డ్యూయెట్ పచ్చ. నవంబరులో బంగారం. సంక్రాంతికి అటూ ఇటూగా దాళ్వా నాట్లు, మళ్లీ ఏప్రిల్‌లో కోతలు. ఏడాదికి రెండు ఆటలన్నమాట!

అయితే కెమెరాకి అన్నిటికన్నా అందమైన నవంబరే రైతుకి అన్నిటికన్నా భయం. పంట చేతికొచ్చే వేళకే బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తుంది. కోసి పనలు వేసిన చేలో వాన నిలిచిందంటే గింజ అక్కడే మొలకెత్తిపోతుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో ఎన్ని కొబ్బరితోటల్ని పడగొట్టిందో పెద్దవాళ్లని అడగండి. వరి మళ్లీ ఏడు వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పట్టాలి. ఇక 2011లో కోనసీమ రైతులు తుఫాను లేకుండానే చేతులెత్తేశారు. ఖర్చుకి తగ్గ ధర లేదు, మురుగు కాలువలు బాగులేవు అంటూ 'పంట విరామం' ప్రకటించి వేల ఎకరాల్లో సార్వా వెయ్యలేదు. హీరో షూటింగుకి రానంటే నిర్మాత పరుగెత్తుకెళ్తాడు. రైతు చేలోకి రానంటే దేశమంతా వులిక్కిపడింది.

అన్నట్టు, ఈ మధ్య పాన్ ఇండియా స్టార్ అనే మాట తెగ వినిపిస్తోంది కదా? ఆ లెక్కన మన మొదటి పాన్ ఇండియా స్టార్ పశ్చిమ గోదావరిలో మారుటేరు నుంచి వచ్చింది! అక్కడ 1925 నుంచీ వరి పరిశోధనా కేంద్రం వుంది. 1982లో అక్కడ విడుదలైన 'స్వర్ణ' అనే వరి రకం ఒరిస్సా, బెంగాల్ చేలల్లోకీ, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోకీ వెళ్లిపోయింది. దాన్నే తీసుకుని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్లు వరదలో మునిగినా రెండు వారాలపాటు తట్టుకునే రకం తయారుచేశారు. మారుటేరు వాళ్లే ఇంకో రకానికి 'కాటన్ దొర సన్నాలు' అని పేరు పెట్టుకున్నారు. రుణం తీర్చుకోవడమంటే అదీ!

కాలువ గట్టున ఒక పెద్దాయన చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. పక్కనే కూర్చుని మాట కలిపాను.

"చేను మీదేనా అండీ?"

"సేద్యం మాదండి. చేను గలాయన హైదరాబాద్‌లో వుంటారండి. పండినా ఎండినా కౌలు బస్తాలు కొలిచెయ్యాలండి, ఆయ్!"

బస్తా అంటే ఇక్కడ 75 కిలోలు. సార్వాలో వచ్చింది కౌలుకీ పెట్టుబడి అప్పుకీ సరిపోతుందట. దాళ్వా గింజలే ఆయనవి. దాళ్వాకి నీళ్లు చాలకపోతే అవీ లేవు. కౌలు రైతుకి సాగుహక్కు కార్డు ఇవ్వాలని 2019లో చట్టం వచ్చింది కదా అన్నాను. నవ్వాడు. "దానికి చేను గలాయన సంతకం పెట్టాలండి. సంతకం పెడితే చేను మాదైపోద్దేమోనని ఆరికి బెంగండి." ఆ కార్డు లేకపోతే బ్యాంకు అప్పు కష్టం, పంట నష్టానికి పరిహారం కష్టం. తెర మీద ఆ పచ్చటి చేలకి పెదరాయుడు లాంటి యజమాని ఒకడుంటాడు, మెళ్లో కండువా వేసుకుని. అసలు చేలో వున్నది ఈయన. ఈయన వేషం మన కథల్లో ఎవరూ రాయలేదు!

"ఇంటికొచ్చి మంచినీళ్లు పుచ్చుకెళ్లండి" అన్నాడు. గోదావరి మర్యాద, కాదంటే వూరుకోరు. వెళ్లాను.

పెరట్లో గడ్డిమేటు, నాలుగు అరటిచెట్లు, పాదు మీద బూడిదగుమ్మడికాయలు. మధ్యలో మన తెర మీది పిల్లలకోడి! దానికి తొమ్మిది పిల్లలు. వాటి యజమానురాలు ఆ ఇంటావిడ. పెద్దాయనకి వాటి మీద హక్కు లేదు, ఆ సంగతి ఆయనే చెప్పాడు.

"పెట్ట పొదిగితే 21 రోజులు బాబూ. రోజు దాటిందంటే గుడ్డు మురిగిపోయినట్టే" అందావిడ నూకలు చల్లుతూ. నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే గొప్ప. తణుకు, అనపర్తి ఫారాల్లో కోడి 300 దాకా పెడుతుంది. కానీ దానికి మేత కొనాలి, మందులు కొనాలి, షెడ్డు కట్టాలి. దీనికి కళ్లంలో రాలిన గింజే మేత, పెంటలో పురుగే విందు. పైన గద్ద, రాత్రి పిల్లి, వేసవిలో కొక్కెర తెగులు. ఇవి తప్పించుకున్నవే పెద్దవవుతాయి. "కొక్కెర వచ్చిందంటే తెల్లారేసరికి గూడు ఖాళీ బాబూ. పశువుల ఆసుపత్రిలో టీకా వేయిస్తే గట్టెక్కుతాయి."

గుడ్ల డబ్బూ కోళ్ల డబ్బూ ఆవిడ పోపుల డబ్బాలోకే వెళ్తాయి. మనవరాలి కాలేజీ బస్సు పాసు వాటితోనే. "వడ్ల డబ్బు వచ్చేలోపు అప్పులోళ్లు వస్తారు. కోడి డబ్బు ఎవరికీ కనపడదు" అని మెల్లగా చెప్పి కన్ను గీటింది. 2025 ఫిబ్రవరిలో కానూరు అగ్రహారం, వేల్పూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మాత్రం ఆ డబ్బా కూడా వట్టిపోయిందట. రోగం వచ్చింది ఫారం కోళ్లకి. ఈవిడ పెట్టలు నిక్షేపంగా తిరుగుతూనే వున్నాయి. అయినా నెల్లాళ్లు అడిగేవాడు లేడు. టీవీ వార్తకి నాటు, ఫారం తేడా తెలియదు మరి!

ఎదురింటి వాకిట్లో ఒక డేగపుంజు కాలికి తాడుతో రాజాలా నిలబడివుంది. దానికి బాదంపప్పు, ఈత, ఒళ్లు పట్టడం అన్నీ జరుగుతాయి. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ఏ రంగు ఏ వేళ గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రం కూడా వుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం పందేలు కూడదన్నాయి. అయినా సంక్రాంతికి బరులు లేస్తూనే వుంటాయి, మన సినిమాలు వాటిని తీస్తూనే వుంటాయి. పందెం ఓడితే ఆ పుంజు ఆ సాయంత్రమే కూరలోకి వెళ్తుంది. పిల్లలకోడికి బాదంపప్పు లేదు, క్లోజప్పు లేదు. కానీ ఒక ఆడపిల్ల చదువు దాని రెక్కల కిందే వుంది.

ఈసారి సంక్రాంతికి గోదావరి జిల్లాలకి వెళ్తే బరుల దగ్గరే ఆగిపోకండి. కాలువ గట్టెక్కి ఎవరినైనా "సార్వా ఎలా పండిందండీ?" అని అడగండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెబుతారు. పెరట్లో పిల్లలకోడి ఎదురైతే మాత్రం మర్యాదగా పక్కకి తప్పుకోండి. అది డ్యూటీలో వుంది!