రహీం సాహెబు జట్టు

గోదావరి దక్షిణపు గట్టున, పెద్దపల్లి జిల్లాలో, గోదావరిఖని యను బొగ్గుగనుల పట్టణము కలదు. ఇచ్చటి పనివారు గనిని బాయి యందురు. బాయిలోనికి దిగువారికి పగలు, రాత్రి యను భేదము లేదు. మొదటి షిఫ్టువారు పైకి వచ్చునప్పటికి రెండవ షిఫ్టువారు దిగుచుందురు. వారి వెనుక రాత్రి షిఫ్టువారు. ఇట్టి యూరిలో ఆటలకు తీరిక యెక్కడిదని పరాయివారు తలంపవచ్చును. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమునకు పోయి చూచినచో ఆ సందేహము తీరును. సింగరేణి సంస్థ తన ఏరియాల నడుమ ఏటేట పోటీలు జరుపును. శ్రీరాంపురము, మందమర్రి, కొత్తగూడెము మున్నగు చోటుల నుండి జట్లు వచ్చి తలపడును. వీరిలో ఎవరికిని ఆట బ్రతుకుదెరువు కాదు. తలమీది టోపీ, దీపము తీసి పెట్టి, ఒడలి బొగ్గుమసి కడుగుకొని మైదానమునకు వచ్చువారే వీరందరును.

ఇట్లు వేరొక పనికి జీతము పుచ్చుకొనుచు ఆడువారి జట్టు దేశములోని పెద్ద క్లబ్బులను గెలువగలదా? గనుల పిల్లలకు ఈ ప్రశ్న తోచుట సహజము. గెలువగలదు, గెలిచినది కూడ. ఒకసారి కాదు, ఏండ్ల తరబడి గెలిచినది. అది గోదావరిఖనికి రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న హైదరాబాదులోని నగర పోలీసు ఫుట్‌బాలు జట్టు. దానికి 1950లో ఒక క్రొత్త శిక్షకుడు వచ్చెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదువారు ఆయనను రహీం సాహెబు అని పిలిచెడివారు.

రహీం సాహెబు 1909వ సంవత్సరము ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొని, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాలు ఆడెను. చదువు ముగిసిన పిదప బడిపంతులయ్యెను. నగరములోని పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పుచు, వ్యాయామ విద్యలో పట్టము పొంది, బడిపిల్లల ఆటల భారమును కూడ వహించెను. ఆపైన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా చాలకాలము పనిచేసెను. ఆయన గొప్ప ఆటగాడుగా పేరు పొందినవాడు కాడు. నల్లబల్ల ముందు నిలిచి, వెనుక బల్లమీది మందబుద్ధికి కూడ అర్థమగువరకు చెప్పుట అలవాటైన మనిషి. ఆయన విజయములకు మూలము ఈ యలవాటే యనిపించును.

పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చునప్పటికి అది ఊరు పేరు లేనిది కాదు. 1940వ దశకముననే దక్షిణ దేశమున దానికి మంచి పేరుండెను. కావున రహీం సాహెబు మట్టి ముద్దలను తెచ్చి వీరులుగా మలచెనని చెప్పుట అతిశయోక్తి. అందులోని వారు కాలిలో పస గల ఆటగాండ్రే. కాని 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిన పిదప నగరములో అన్నియు మారుచుండెను. పాత కొలువులు పోయెను, పాత పోషకులు తొలగిరి. పోలీసు శాఖలో ఉద్యోగము నిలిచినవానికి ఆట కూడ నిలిచినది. ఆ కాలమున మన దేశములో ఫుట్‌బాలు ఆడుటయే వృత్తి యని బహిరంగముగ చెప్పుకొనువారు లేరు. శాఖలు ఉద్యోగమిచ్చి ఆటగాండ్రను పోషించెడివి. పోలీసు జీతమే వారికి ఆట జీతము.

ఇట్టివారికి రహీం సాహెబు నేర్పినదేమి?

మొట్టమొదటిది, రెండవ కాలు. ఎవనికైనను ఒక కాలు వాటముగ నుండును. బంతి ఆ కాలికి వచ్చువరకు వేచియుండుట మనుష్య స్వభావము. ఆ వేచియుండు అరక్షణములోనే ఎదిరి వచ్చి బంతిని తన్నుకొని పోవును. ఈ లోపమును మాటలతో చెప్పిన తీరదని రహీం సాహెబునకు తెలియును. అందుచేత ఆయన చిన్న చిన్న పోటీలు పెట్టి, వానిలో వాటము కాని కాలితోనే బంతిని తన్నవలెనని నియమము చేసెను. కుడికాలివాడు ఎడమకాలితో తన్నబోయి తడబడును, చూచువారు నవ్వుదురు. కొన్ని వారములకు ఆ నవ్వు తగ్గును, ఆ కాలును మాట వినుట నేర్చును. అప్పుడు ఎదిరికి, వీడు ఏ వైపునకు తిరుగునో ముందుగ తెలియదు. ఇది చూచుటకు పిల్లల యాటవలె నుండును గాని, దీనివలన ఒక్కొక్క ఆటగాడు ఇద్దరితో సమానమగును.

రెండవది, బంతిని తోడివానికి అందించుట. మన మైదానములలో బాగుగ ఆడువాడనిన, నలుగురిని తప్పించుకొని బంతిని తానే తీసికొని పోవువాడని అర్థము. చూపరులు చప్పట్లు కొట్టుదురు. ఐదవవాడు బంతిని లాగికొనును. రహీం సాహెబు ఈ మోజును కూడ పోటీల చేతనే అణచెను. బంతిని కాళ్ల నడుమ ఆడించుచు పోరాదు, అందిన వెంటనే అందింపవలెను అను నియమముతో ఆడించెను. బంతి మనిషికంటె వేగముగ పరుగెత్తును. పరుగు బంతికి విడిచి, మనిషి తాను నిలువవలసిన చోటు వెదకికొన్నచో ఆయాసము తగ్గును, ఆట పెరుగును.

ఆ కాలపు ఆటలో మరియొక విశేషము కలదు. ఆట మొదలైన పిదప ఒకని తీసివేసి వేరొకని పంపుటకు సాధారణముగా వీలు లేదు. దిగిన పదునొకండుగురే తుదివరకు ఆడవలెను. ఒకనికి దెబ్బ తగిలినచో కుంటుచునే ఆడవలెను. కావున శిక్షకుడు చేయగలిగిన దంతయు ఆటకు ముందే చేసి యుండవలెను. పరీక్షగదిలోనికి పోయిన విద్యార్థికి పంతులు ఏమి చెప్పగలడు? రహీం సాహెబు పంతులు గనుక ఈ సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1950లో హైదరాబాదు పోలీసులు బొంబాయికి పోయి రోవర్స్ కప్పులో ఆడిరి. ఆంగ్ల సైనికుల కొరకు 1891లో పుట్టిన పోటీ యది. ఆ కప్పును పోలీసులు గెలిచిరి. ఆ యేడే డ్యూరాండ్ కప్పు మరల మొదలయ్యెను. 1888లో సిమ్లాలో పుట్టి, దేశమున అన్నింటికంటె ప్రాచీనమైన యా పోటీ కొంతకాలము ఆగి, అప్పుడే ఢిల్లీలో తిరిగి ప్రారంభమయ్యెను. అందు తుదిపోటీలో హైదరాబాదువారికి ఎదురైనది కలకత్తా మోహన్ బగాన్. 1911లో వట్టికాళ్లతో ఆడి ఆంగ్లేయ సైనికుల జట్టును ఓడించి, స్వాతంత్ర్యోద్యమ చరిత్రలోనికి ఎక్కిన క్లబ్బు అది. దాని పేరు విన్నంతనే సగము ధైర్యము సడలుట వింత కాదు. అట్టి మోహన్ బగాన్‌ను గెలిచి హైదరాబాదు పోలీసులు ఆ కప్పును కూడ ఇంటికి తెచ్చిరి. క్రొత్త శిక్షకుని మొదటి యేటనే ఇట్లు జరిగెను.

ఒకసారి గెలుచుట అదృష్టమని కొందరనిరి. ఆ మాట 1951లోను అనవచ్చును. 1952, 1953, 1954 సంవత్సరములలో కూడ రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులకే దక్కిన పిదప ఆ మాట అనువారు మిగులలేదు. 1954లో డ్యూరాండ్ కప్పును కూడ వారు రెండవసారి గెలిచిరి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మున్నగు ఆటగాండ్రు పోలీసు జట్టునుండి ఒలింపిక్ క్రీడలకు పోయిరి. 1956, 1957 సంవత్సరములలో రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ సైతము హైదరాబాదునకు వచ్చెను.

రహీం సాహెబు చూపు జట్టులో నున్నవారి మీదనే నిలువలేదు. సికిందరాబాదు దాపున అమ్ముగూడ యను చిన్న యూరిలో తులసీదాస్ బలరాం అను బీద బాలుడుండెను. బూట్లు కొనుటకు డబ్బు లేక, పోలీసులు విడిచిన పాత బూట్ల తోలుతో బూట్లు కుట్టించుకొని ఆడిన వాడు. వాని యాట రహీం సాహెబు కంటబడెను. శిక్షణకు రమ్మని పిలువగా, అంత దూరము వచ్చిపోవుటకు తనకు శక్తి లేదని ఆ బాలుడు చెప్పెను. అట్టి ఖర్చునకు రహీం సాహెబు తానే పూనుకొనెను. ఇరువది యేండ్ల ప్రాయముననే బలరాం ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున నిలిచెను. ఎంతమంది బలరాములు బండి ఖర్చు లేక ఊరిలోనే నిలిచిపోయిరో ఎవరు లెక్కింపగలరు?

భారత జట్టు శిక్షణ కూడ రహీం సాహెబునకే అప్పగింపబడెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు తుదిపోటీలో ఇరానును 1-0తో గెలిచి స్వర్ణపతకము పొందిరి. మరుసటి యేడు హెల్సింకిలో కథ తలక్రిందులయ్యెను. చలిదేశపు తడి గడ్డిమీద మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. యుగోస్లావియా 10-1తో మనలను ఓడించెను. అటుపిమ్మట మన ఫుట్‌బాలు సంఘము బూట్లు తప్పనిసరి చేసెను. పది గోలులు తినిన తరువాత గాని ఆ బుద్ధి పుట్టకపోవుట విచారకరమే.

1956లో మెల్‌బోర్నులో జరిగినది వేరు. అప్పటి పద్ధతి ప్రకారము నడిమి ముందువాడు ఎదిరి గోలు దగ్గరనే పొంచియుండవలెను. ఎదిరి కాపరి వానిని అంటిపెట్టుకొని యుండును. రహీం సాహెబు ఆ నడిమివానిని కొంత వెనుకకు రప్పించెను. కాపరి వాని వెంట పోయినచో వెనుక ఖాళీ యేర్పడును; పోనిచో ఇతడు స్వేచ్ఛగా బంతిని పంచును. హంగరీవారు ఈ యుక్తితోనే 1953లో లండనులో ఇంగ్లాండును ఓడించి లోకమును విస్మయపరచిరి. మెల్‌బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను దాని గడ్డమీదనే 4-2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. తరువాతి పోటీలో యుగోస్లావియాపై మొదటి గోలు కూడ మనదే, అయినను తుదకు 4-1తో ఓడితిమి. కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేత 3-0తో ఓడి నాలుగవ స్థానమున నిలిచితిమి. ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము అంతకంటె పైకి నేటివరకు పోలేదు.

1962లో జకార్తాకు పోవునప్పటికి రహీం సాహెబు శరీరములో క్యాన్సరు ప్రవేశించి యుండెను. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. తరువాత థాయిలాండును, జపానును గెలిచిరి గాని, జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. ఆతడు వెనుక నిలిచి కాపాడువాడు. కుట్లు పడిన తలతో కాపరిగా నిలుపుట కష్టము; అట్టివానిని వదలుకొనుటయు కష్టము. రహీం సాహెబు ఆతనిని ముందువరుసకు మార్చెను. వెనుకవానిని ముందునకు పంపుట చూచి నవ్వినవారు నవ్విరి. దక్షిణ వియత్నాముతో జరిగిన పోటీలో ఆతడు గోలు చేసెను. మనవారు 3-2తో గెలిచిరి.

సెప్టెంబరు 4న తుదిపోటీ. ఎదిరి మరల దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటను గూర్చి భారతీయుడైన క్రీడాధికారి ఒకరు ఆక్షేపించినందున జకార్తా జనులు మనమీద కోపముతో నుండిరి. సుమారు లక్షమంది కూడిన స్టేడియములో మనవారికి వినిపించినవి ఎగతాళి కేకలే. ముందునాటి రాత్రి రహీం సాహెబు తన ఆటగాండ్రను కూర్చుండబెట్టుకొని, తనకు కానుకగా ఆ స్వర్ణపతకమును తెచ్చి యిమ్మని అడిగెనని వారు తరువాత చెప్పుకొనిరి. ఎన్నడును తనకని ఏమియు అడుగని మనిషి అడిగిన కోరిక యది. జ్వరముతో పడియున్న గోలుకాపరి పీటర్ తంగరాజ్ లేచి ఆడెను. మొదటి యిరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేసిరి. కొరియావారు చివరలో ఒకటి తిరిగి యిచ్చిరి. 2-1తో భారతదేశము గెలిచెను. నాటి జట్టులో అమ్ముగూడ బలరాం కూడ నుండెను.

రహీం సాహెబు 1963 జూన్ 11న మరణించెను. ఆయనకు అప్పటికి 53 ఏండ్లు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోము ఒలింపిక్ జట్టులో నుండి, తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరు పొంది 2021లో మరణించెను. రహీం సాహెబు కథను చెప్పు హిందీ చలనచిత్రము 2024లో వచ్చెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణపతకము జకార్తా తరువాత మనకు మరల రాలేదు.

రోవర్స్ కప్పు 2001 తరువాత జరుగుటలేదు. దాని విజేతల పట్టికలో 1950 మొదలు 1954 వరకు ఐదు పంక్తులందును ఒకే పేరు కనబడును. వరుసగా అన్నిమారులు ఆ కప్పు గెలిచిన జట్టు వేరొకటి లేదు.