పోర్ట్ బ్లెయిర్‌లో రాహుకాలం

మొన్న మా హేతువాద సంఘం సమావేశంలో ఒక కుర్రవాడు నన్ను అడిగాడు: "మీరు హేతువాది ఎప్పుడయ్యారండీ? ఏ పుస్తకం చదివి?" నేనేదో పెద్ద పేరు చెబుతానని అందరూ చూశారు. పుస్తకం కాదు బాబూ, బదిలీ ఆర్డరు అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. అక్కడ వివరంగా చెప్పడానికి సమయం చాలలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను బి.కాం. చదివి రక్షణ ఖాతాల శాఖలో చేరినవాణ్ణి. ముప్పై ఏడేళ్లు జీతాలు, ప్రయాణ భత్యాలు, కాంట్రాక్టర్ల బిల్లులు తనిఖీ చేయడమే పని. ఆఫీసులో వోచరు లేనిదే రూపాయి పాస్ చేసేవాణ్ణి కాదు. ఇంట్లో మాత్రం మంగళవారం క్షవరం చేయించుకునేవాణ్ణి కాదు. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయో ఇప్పుడు తలచుకుంటే వింతగా ఉంటుంది. అప్పుడు ఏ వింతా లేదు. మీ ఆఫీసులో చుట్టూ చూడండి, ఇప్పటికీ ఇలాంటివాళ్లే ఎక్కువ.

2003లో నన్ను సికింద్రాబాదు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి వేశారు. (2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చింది. నేను బతికిన ఊరు పోర్ట్ బ్లెయిర్ గనుక అలాగే రాస్తాను.) 2001లో అక్కడ మూడు దళాలకూ కలిపి అండమాన్ నికోబార్ కమాండ్ పెట్టారు. మా లెక్కల పనీ పెరిగింది. కష్టమైన స్టేషను అంటారు, అది ముగించినవాళ్లు తర్వాత నచ్చిన చోటు అడుక్కోవచ్చు. అబ్బాయి పదో తరగతిలో ఉన్నాడు. కాబట్టి నేనొక్కణ్ణే వెళ్లాలి.

మా అమ్మ వద్దంది. "సముద్రం దాటకూడదురా" అంది. ఎందుకంటే చెప్పలేదు, చెప్పడానికి ఆవిడకూ తెలియదు. మనిషిని పతితుణ్ణి చేసే పాపాల జాబితాలో సముద్రయానాన్ని బౌధాయన ధర్మసూత్రం చేర్చిందని నేను చాలా తర్వాత చదివాను. అమ్మ అది చదవలేదు. రాసినవాడి ఊరూ కాలమూ ఏవో గాని, భయం మాత్రం నడుచుకుంటూ పెద్దాపురం దాకా వచ్చేసింది. సిద్ధాంతిగారు లెక్కవేసి, ఆ ఓడ బయలుదేరే రోజు నా జాతకానికి పనికిరాదు, తర్వాతి ఓడకు వెళ్లమన్నారు. నేనూ అలాగే వెళ్లాను. ఆ ఆలస్యంలో నాకు రావలసిన క్వార్టరు నా వెనకవాడికి పోయింది. ఖర్చు: ఒక క్వార్టరు. జమ: అమ్మ మనశ్శాంతి. రెండోదానికి నేను ధర కట్టను.

విశాఖలో హర్షవర్ధన ఓడ ఎక్కాను. సుమారు మూడు రోజుల ప్రయాణం. కింద బంకు క్లాసు నిండా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు, మూటలు. రోడ్డు పనికి, ఇళ్ల కట్టుబడికి, చేపల వేటకి పోతున్నారు. రెండో రోజు వాంతులు తగ్గాక దిగి వాళ్లతో కూర్చున్నాను. ఎవరూ ముహూర్తం చూసుకుని ఎక్కినవాళ్లు కారు. మేస్త్రీ ఏ రోజుకి టికెట్టు తీస్తే అదే మంచిరోజు.

హాడో రేవులో దిగిన మర్నాడు మెలకువ వచ్చేసరికి గది నిండా ఎండ. తొలిరోజే ఆలస్యమైందని కంగారుపడి వాచీ చూశాను. అయిదున్నర! సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బట్టలు మార్చుకునేలోపు చీకటి. వారం రోజులు నా ఒంటికి ఇది అర్థం కాలేదు. తర్వాత కాగితం మీద వేసుకున్నాను. దేశమంతటికీ గడియారం కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. పోర్ట్ బ్లెయిర్ 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన గడియారం కన్నా 41 నిమిషాలు ముందు. హైదరాబాదుతో పోలిస్తే 57 నిమిషాలు ముందు. ఈ లెక్క గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

క్వార్టరు పోయింది గనుక జంగ్లీఘాట్‌లో అద్దె గది వెతుక్కున్నాను. అది ఊళ్లో తెలుగు మాట బాగా వినిపించే చోటు. చేపల జెట్టీ అక్కడే. ఇంటామె శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చిన ముసలామె. మన ఊళ్లో అద్దెకు వెళితే మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" అని. ఈమె అడిగింది, "ఏ ఓడలో వచ్చినారు బాబూ?" అని. తర్వాత నీళ్ల డ్రమ్ము ఉందా అని. లేదంటే ముందు డ్రమ్ము కొనుక్కోమంది, ఎందుకంటే ధనిఖారి డ్యామ్ నీళ్లు ఎండాకాలంలో రోజు విడిచి రోజు వస్తాయి. ఆ ఊళ్లో సంసారం పెట్టడమంటే మొదట నీళ్ల డ్రమ్ము, తర్వాత గొడుగు, ఆ తర్వాతే మిగతావి. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వచ్చిన వారం ఉల్లిపాయ ఒక ధర, రాని వారం ఇంకొకటి. అబర్డీన్ బజారులో బేరం హిందీలో, తిట్టు ఎవరి భాషలో వాళ్లది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో ఎనిమిది మందికి ఒకరు తెలుగువారు.

కులం లేని ఊరని మాత్రం అనను. సంబంధాలకు శ్రీకాకుళం వెళ్లి వచ్చేవాళ్లను చూశాను. అయితే 1858లో ఖైదీలతో మొదలైన ఊరది. శిక్ష పడ్డ మగవాళ్లూ శిక్ష పడ్డ ఆడవాళ్లూ కులం, ప్రాంతం కలవకపోయినా పెళ్లాడారు. వాళ్ల సంతతి తమను లోకల్ బార్న్ అని చెప్పుకుంటారు. గోత్రం అడిగితే నవ్వుతారు. సెల్యులార్ జైలుకు వెళ్లినప్పుడు నేను మన్యం తిరుగుబాటు మనుషులను తలచుకున్నాను. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను ఇక్కడికే పంపారు. ఆయన బతికి వెనక్కి వెళ్లి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సముద్రం రెండుసార్లు దాటిన మనిషి!

ఇక రాహుకాలం. మా ఆఫీసులో ఒక తెలుగాయన ఉండేవారు, నాకన్నా పెద్దవారు, మంచివారు. గోడకి హైదరాబాదు నుంచి తెప్పించిన క్యాలెండరు. సోమవారం ఉదయం 7.30 నుంచి 9 వరకు రాహుకాలమని రాసి ఉంటుంది, కాబట్టి ఆయన సోమవారం ఏడింటికే ఇల్లు కదిలి ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు. కొన్నాళ్లు నేనూ పక్కన కూర్చున్నాను. ఒక జూన్ నెల సోమవారం అక్కడే కూర్చుని లెక్క వేశాను. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండో భాగం రాహుకాలం. క్యాలెండరులో 7.30 అన్నది ఆరింటికి పొద్దు పొడుస్తుందని అనుకుని వేసిన అంకె. పోర్ట్ బ్లెయిర్‌లో జూన్‌లో 4.56కే పొడుస్తుంది, 5.42కి కుంకుతుంది. భాగానికి దాదాపు 96 నిమిషాలు. అంటే అక్కడి రాహుకాలం 6.32 నుంచి 8.08 వరకు. ఏళ్ల తరబడి ఆయన రాహుకాలం తప్పించుకోవడానికి సరిగ్గా రాహుకాలంలో బయలుదేరుతున్నారు. ఏమైనా అయిందా? ప్రమోషన్ కూడా వచ్చింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సూర్యోదయాన్ని బట్టి మార్చుకోవాలని సిద్ధాంతులకూ తెలుసు, అమెరికా తెలుగువారికి ఊరూరికీ పంచాంగాలు వేస్తున్నారు. కాని అంకె సరిచేసినంత మాత్రాన పద్దు నిజమవుతుందా? తప్పుడు బిల్లును కూడికలు సరిచేసి పాస్ చేస్తామా? రాహువు గ్రహమే కాదు, చంద్రుడి దారి సూర్యుడి దారిని అడ్డంగా దాటే బిందువు. ఆయనకు కాగితం చూపించాను. చూసి మడిచి జేబులో పెట్టుకుని, "మన క్యాలెండరు మన ఊరిది కదండీ, మనవాళ్లకు అదే పనిచేస్తుంది" అన్నారు. నాకు ఆ రోజు నుంచి మంగళవారం క్షవరం మొదలైంది.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఉదయం 6.29కి భూమి కదిలింది. నిలబడలేక మెట్ల కటకటా పట్టుకున్నాను. కాసేపటికి జంగ్లీఘాట్ పల్లంలోకి సముద్రం వచ్చింది. మా ఇల్లు వాలు మీద కొంచెం పైన ఉంది, అంతే తేడా. ఆ రోజు భూకంపంతో దక్షిణ అండమాన్ సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ వరి పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోలేదు. ద్వీపాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, లేదా గల్లంతయ్యారు. ఎక్కువమంది నికోబార్ వైపు.

మా పెద్దాయన క్యాలెండరు చూశారు. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4.30కి, యమగండం మధ్యాహ్నం 12కి. 6.29కి ఏదీ లేదు. "అందుకే మనం బతికాం" అన్నారు. వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి.

లిటిల్ అండమాన్‌లో ఓంగేలు ఎత్తుకు వెళ్లి బతికారు. వెంటనే పత్రికల్లో ఆరో ఇంద్రియం అని కథలు. ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907లో వచ్చిన అలను అక్కడి తాతలు మనవలకు చెబుతూ వచ్చారు: భూమి గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే కొండెక్కండి అని. 2004లో దాదాపు 78 వేల జనంలో ఏడుగురే పోయారు. అది ఇంద్రియం కాదు, చూసి గుర్తుపెట్టుకున్నది.

మా ఇంటామె చిన్నకొడుకు కట్టుబడి పని మీద క్యాంప్‌బెల్ బే వెళ్లాడు. తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. గల్లంతైనవారి కోసం దరఖాస్తు రాయాలి. నేను రాశాను. ఆమె వేలిముద్ర వేయలేదు. ఎవరో ఒకాయన అంజనం వేసి, కుర్రాడు తూర్పున ఒక దీవిలో బతికే ఉన్నాడు, మతి తప్పింది, వస్తాడు అని చెప్పాడు. మూడుసార్లు వేశాడు, అయిదు వేలు దాటింది. నాకు ఒళ్లు మండింది. కొత్తగా కళ్లు తెరిచినవాడి హుషారు మీకు తెలుసు కదా. అంజనం అబద్ధమని, తమలపాకు మీద కాటుకలో దీవులు కనిపించవని, వారం రోజులు ఆమెకు పాఠం చెప్పాను. చివరికి ఆమె, "నానిప్పుడు ఏలు పెడితే నా కొడుకుని నానే సంపీసినట్టు కాదేటి బాబూ?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆలోచిస్తే తెలిసింది. నెలల తరబడి ఆమె ఆఫీసుల వరుసల్లో నిలబడితే ఎవరూ కూర్చోబెట్టి, ఇక్కడ వెతికాం, వీళ్లు దొరికారు అని చెప్పలేదు. అంజనంవాడు చెప్పాడు, అబద్ధమే గాని చెప్పాడు. నేనూ ఏమీ చెప్పలేదు, వాదించాను.

నికోబార్ నుంచి బతికి వచ్చినవాళ్లను పోర్ట్ బ్లెయిర్ బడుల్లో, శిబిరాల్లో ఉంచారు. తెలిసినవాళ్లను పట్టుకుని ఆ జాబితాలు సంపాదించాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పేర్లన్నీ పైకి చదివాను. ఒక్కటీ వదలకుండా, నికోబారీ పేర్లు, తమిళ పేర్లు, రాంచీ పేర్లు అన్నీ. మూడు సాయంత్రాలు పట్టింది. పోలిన పేరు వస్తే "మళ్లీ సదువు" అనేది, వయసు చదివేవాణ్ణి, కాదని తల ఊపేది. మూడో సాయంత్రం చివరి కాగితం అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేలు చాపింది. సిరా నేనే పూశాను.

ఆ అరుగు మీద నేను తర్వాత ఎన్ని దరఖాస్తులు రాశానో లెక్క లేదు. లెక్క లేని పని నేను చేసింది అదొక్కటే. అంతవరకు నేను ఆ ఊళ్లో ఒక బదిలీ ఉద్యోగిని, ఆ తర్వాత జంగ్లీఘాట్‌లో ఎవరింటి ముందు నుంచి వెళ్లినా చేప కూర తినకుండా కదలనిచ్చేవారు కారు.

2006 జూన్‌లో తిరుగు ప్రయాణం. రెండేళ్లకని వెళ్లి దాదాపు మూడేళ్లున్నాను. సిద్ధాంతిగారిని ఈసారి అడగలేదు, టికెట్టు దొరికిన రోజే తీశాను. రేవుకు వెళ్లేముందు ఎస్.టి.డి. బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను. ఓడ ఎప్పుడు కదులుతుందని అడిగింది.

"సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి."

"రాహుకాలం కదరా!"

"ఇక్కడ సూర్యుడు ముందే పొడుస్తాడమ్మా. 8.08కే అయిపోతుంది."

అవతల కాసేపు చప్పుడు లేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోందనుకుంటాను.

"అలాగా. మరి వెళ్లేటప్పుడే చెప్పవేం? సరే, జాగ్రత్తగా రా."