మెడ స్కాన్ రిపోర్టులో శాతం ఒక్కటే చూడకండి

తమిళ బడిలో చదివినవాణ్ణి, నా తెలుగును కాస్త ఓర్చుకోండి.

మనలో అరవై దాటినవాళ్ళు చాలామంది. డాక్టరు మెడకు డాప్లర్ స్కాన్ రాస్తే చాలు, భయపడిపోతున్నారు. మా ఇంట్లో ఈమధ్యే ఇద్దరికి ఆ స్కాన్ జరిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనులుంటాయి. వాటిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. అక్కణ్ణుంచి చిన్న ముక్క ఊడి మెదడులో అడ్డుపడితే పక్షవాతం.

రైల్వేవాళ్ళకు డాప్లర్ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఎదురొచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా! డాప్లర్ 1842లో చెప్పిన ఆ సూత్రాన్ని 1845లో హాలండులో రైలు మీద బాకాలు ఊదించి పరీక్షించారు. స్కాన్ అదే పద్ధతిలో రక్తం వేగం కొలుస్తుంది. పైపు నొక్కితే నీళ్ళు జోరుగా వచ్చినట్టు, ఇరుకుచోట రక్తం వేగం పెరుగుతుంది. సెకనుకు 230 సెంటీమీటర్లు దాటితే ఇరుకు సాధారణంగా 70 శాతమో, ఆపైనో అని లెక్క.

మా బావగారికి ఒకరోజు కుడిచెయ్యి పట్టు తప్పింది, మాట తడబడింది. పది నిమిషాల్లో సర్దుకుంది. "పైత్యం, అంతే" అన్నారాయన. అక్క వినలేదు, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎడమ ధమనిలో 70 శాతం పైనే ఇరుకు. సీటీ యాంజియోలోనూ అదే తేలింది. ఆపరేషన్ చేసి కొవ్వు తీసేయాలన్నారు. మనవరాలి చెవులు కుట్టే వేడుక అయ్యాక చూద్దామన్నారు బావగారు. లక్షణం కనిపించిన రెండు వారాల్లోపు చేస్తేనే మేలు ఎక్కువని డాక్టరు చెప్పారు. ఇలాంటివాళ్ళ మీద 1991లో వచ్చిన ఉత్తర అమెరికా పరిశోధనలో, రెండేళ్ళలో ఆ పక్క పక్షవాతం మందులతోనే ఉన్నవాళ్ళలో నూటికి 26 మందికి, ఆపరేషన్ అయినవాళ్ళలో 9 మందికి వచ్చింది. "చెవులు ఎక్కడికీ పోవు, ముందు మీరుండాలి" అంది అక్క. తొమ్మిదో రోజు ఆపరేషన్ అయింది. బాగున్నారు.

ఆ భయంతో నేనూ తీయించుకున్నాను. నాకు 40 శాతం, లక్షణాలేమీ లేవు. కత్తి అవసరం లేదన్నారు. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ, షుగరు అదుపు, రోజూ నడక. అంతే. ధమని పూర్తిగా మూసుకుపోయినా మామూలుగా ఆపరేషన్ చేయరట.

కాబట్టి రిపోర్టు చేతికొస్తే రెండు అడగండి: ఎంత ఇరుకు? దానివల్ల నాకు లక్షణం వచ్చిందా? మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, తగ్గిపోయిందని ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. తెలుగు చదవడం రాని మన పిల్లలకు ఈ మాట నోటితో చెప్పండి. ఆ సమయానికి బండి తీసేది వాళ్ళే.