మామిడి తొక్క, మైక్రో ఆర్‌ఎన్‌ఏ

ఏప్రిల్ 27, 2025, ఆదివారం, నూజివీడు

ఆగిరిపల్లి వెళ్లొచ్చాను. పెద్దమ్మ వాళ్ల తోటలో బంగినపల్లి కోత సాగుతోంది. చిక్కం కట్టిన గెడతో కాయ దించి, ముచ్చిక విరిచి, సొన కారిపోయేదాకా బోర్లా పెడుతున్నారు. పెద్దమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని మంచం మీద కూర్చుని చూస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తోంది.

"అమ్మాయ్, మామిడి తొక్క కషాయం తాగితే గడ్డ కరిగిపోతుందట. ఫోన్లో వచ్చింది. ఇంక ఆ సూదులెందుకే?" అంది.

ఒళ్లు జలదరించింది. చదివి చెబుతానన్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

ఆ మాటకి దగ్గరగా ఒక పరిశోధన దొరికింది. 2015లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లది. ఎలుకల్లో మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచి, మామిడిలోని పాలీఫినాల్స్ ఇచ్చారు. కణితి ఎదుగుదల తగ్గింది. కణాన్ని పెరగమని పురిగొల్పే 'పీఐ3కే-ఏకేటీ' సంకేతాలు మందగించాయి. అందులో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర ఉందన్నారు.

మే 2, శుక్రవారం

రేపటి క్లాసుకి కూడా పనికొస్తుందని రాసుకుంటున్నాను. మైక్రో ఆర్‌ఎన్‌ఏ సుమారు 22 అక్షరాల చిన్న పోగు. తాను ప్రోటీన్‌ని తయారుచేయదు. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని ప్రోటీన్ తయారీని అణిచేస్తుంది. 1993లో ఒక నులిపురుగులో దీన్ని బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ వచ్చింది.

రొమ్ము కణితుల్లో మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. అది పీటెన్, పీడీసీడీ4 అనే ప్రోటీన్లని తగ్గిస్తుంది. ఏకేటీకి కళ్లెం వేసేది పీటెనే. ఆ పట్టు సడలితే కణం చావాల్సిన వేళ చావదు, విభజన ఆపదు. లెట్-7 అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏ తీరు వేరు. కణాన్ని పెరగమనే రాస్ జన్యువుని అదుపులో ఉంచుతుంది. చాలా క్యాన్సర్లలో ఈ లెట్-7 తగ్గిపోతుంది. అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏలన్నీ శత్రువులు కావు, అన్నీ మిత్రులూ కావు.

మే 4, ఆదివారం

పెద్దమ్మకి చెప్పాను. "ఎలుకలో తగ్గినంత మాత్రాన మనిషికి తగ్గుతుందని రుజువు కాదు పెద్దమ్మా. వాళ్లిచ్చింది కొలిచి తీసిన సారం, మన కషాయం కాదు."

"అయితే పండు తినొచ్చా?"

"డాక్టరు గారు బాగా కడిగి, తొక్క తీసి తినమన్నారుగా. తిను. సూది మాత్రం మానకు."

తలూపింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏని అణిచే మందేదీ రొమ్ము క్యాన్సర్‌కి ఇంతవరకు ఆమోదం పొందలేదు. ఇవాళ పెద్దమ్మకి పనిచేసే మందు ఆస్పత్రిలోనే ఉంది. గడ్డ తగిలిన ఏ ఆడమనిషైనా ముందు వెళ్లాల్సింది అక్కడికే.