మంచుకొండల్లో హంస పురుడు

జూన్ నెల వచ్చిందంటే మన దగ్గర తొలకరి కోసం ఎదురుచూపులు. లద్దాఖ్‌లోని త్సో మొరిరి సరస్సు ఒడ్డున మాత్రం అప్పుడు కూడా రాత్రయితే చలి ఎముకలు కొరికేస్తుంటుంది. సముద్రమట్టానికి 4,500 మీటర్లకు పైగా ఎత్తు, చుట్టూ మంచుకొండలు, మధ్యలో ఉప్పటి నీళ్లు, ఒడ్డున కోర్జోక్ అనే చిన్న ఊరు. చెట్టన్నది మచ్చుకైనా కనిపించదు. అలాంటిచోట గుడ్లు పొదిగే సాహసం చేస్తుందో పెద్దబాతు!

తెల్లటి తలమీద రెండు నల్లని చారలు... అదే దాని గుర్తు. మన కావ్యాల్లో మానస సరోవరానికి ఎగిరిపోయే హంస ఇదేనని కొందరి అభిప్రాయం. ఈ జాతి పక్షులు హిమాలయాలు దాటుతూ 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు శాస్త్రవేత్తలు అమర్చిన పరికరాల్లో నమోదైంది. చలికాలంలో ఇవి దక్షిణాదికీ వస్తాయి. గదగ్ జిల్లా మాగడి చెరువులోనూ, మన మంజీరాలోనూ కనిపించేవి ఇవే. పొలాల్లో మేసి, చెరువుల్లో సేదతీరి, ఎండలు ముదరకముందే ఉత్తరానికి తిరుగుముఖం పడతాయి.

త్సో మొరిరిలో గూడు నేలమీదే. సరస్సులోని చిన్న దీవులంటే వీటికి మరీ ఇష్టం. నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టిన ఆడపక్షి, తన ఒంటి మెత్తటి ఈకల్నే కింద పరుపుగా పరుస్తుంది. నెల రోజులపాటు పొదిగేది తనొక్కతే. మగపక్షి కాపలా కాస్తుంది. మేతకు లేచినప్పుడు చల్లగాలి తగలకుండా గుడ్లమీద ఆ ఈకల్నే కప్పి వెళుతుంది. పిల్లలకు నోట్లో పెట్టి తినిపించడం ఉండదు. పుట్టిన ఒకట్రెండు రోజుల్లోనే అవి తల్లి వెంట నడిచి, ఒడ్డున లేతగడ్డి కొరకడం మొదలుపెడతాయి. అప్పుడే పెద్దవాటికి పాత రెక్క ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా, కొన్ని వారాలపాటు ఇంటిల్లిపాదీ ఎగరలేరు!

ప్రమాదమంతా అక్కడే. శిబిరాల దగ్గర పారేసే ఆహారం తిని లద్దాఖ్‌లో వీధికుక్కలు పెరిగాయి. నేలమీద గూడుకట్టే పక్షుల గుడ్లనూ పిల్లలనూ అవి వదలడంలేదు. హిమాలయాన్ని గెలిచిన పక్షికి మన ఎంగిలి విస్తరి శత్రువైందన్నమాట.

2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు, లేహ్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరం. వెళ్లేవారు ముందు లేహ్‌లో రెండు మూడు రోజులు ఆగి ఆ ఎత్తుకు అలవాటుపడాలి. వాహనాన్ని గడ్డినేలల్లోకి దించకుండా, బైనాక్యులర్‌తో దూరం నుంచే పక్షుల్ని చూడాలి. మిగిలిన చపాతీలను మాత్రం అక్కడ పారేయకుండా వెనక్కి తెచ్చేసుకోవాలి.